పెనుకొండలో రెండో శనివారం

అక్క పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పెనుకొండలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి పిల్లలతో మాట్లాడుతున్నాను. ఫోన్ చేసింది హిందూపురంలో ఆమె పక్కింటావిడ. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"పొద్దున కాఫీ తాగి పేపరు సూస్తా కూచోనుండెమ్మా. అట్లే పక్కకు ఒరిగిపాయ. ఆస్పత్రికి తీసుకపోయేలోపలే..." అని ఆవిడ ఏడ్చేసింది.

ఫోన్ పెట్టేశాను. తర్వాత మళ్లీ తరగతిలోకి వెళ్లాను. ఎవరైనా మిమ్మల్ని భయపెడితే, మీకు ఇష్టం లేకుండా ముట్టుకుంటే ఎవరికి చెప్పాలి అన్న దగ్గర మాట ఆపి వచ్చాను. దాన్ని పూర్తి చేశాను. ఇద్దరు ఆడపిల్లలు ప్రశ్నలడిగారు, జవాబులు చెప్పాను. ఆ తర్వాతే హిందూపురం బస్సెక్కాను. సగంలో వదిలేసి పరిగెత్తి ఉంటే, పోయిన మనిషి లేచి కూర్చుని మరీ నన్ను తిట్టేది.

అక్క నాకు తోబుట్టువు కాదు. బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న ఊళ్లలో ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు, బడి మాని పనికి పోయే పిల్లలు, పుస్తకం పట్టుకునే వయసులో పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన పిల్లలు, నా అన్నవాళ్లు లేని పిల్లలు ఎక్కడున్నారని తెలిసినా అక్కడికి పోవడం, చూడటం, రాయడం, వాళ్లకొక దారి దొరికేదాకా వదలకపోవడం ఆమె పని. ఇరవై ఏళ్లకు పైగా అదే చేసింది. నేను ఆమె కింద చేరి ఆ పని నేర్చుకున్నాను. స్టేషన్లో కానిస్టేబుళ్లు, హోమ్‌లో పిల్లలు, చివరికి ఆమె మీద కోపంతో ఊగిపోయే తల్లిదండ్రులు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు.

ఆమె పుట్టింది ఆమడగూరు దగ్గర ఒక పల్లెలో, భూములున్న రైతు కుటుంబంలో. ఆమె ఈ ఉద్యోగంలో చేరినప్పుడు వాళ్ల నాయన మూడు నెలలు మాట్లాడలేదట. "ఊరోళ్ల పిల్లోళ్ల కోసం నువ్వు ఎండలో తిరగాల్సిన కర్మేంటికి?" అన్నాడట. అసలు మా పనికి అంత మంచి పేరు లేదు. పిల్లల్ని ఇళ్లలోంచి పట్టుకుపోయేవాళ్లని మమ్మల్ని చూసి తలుపులు వేసుకుంటారు. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం ఉద్యోగమమ్మా అని అడిగితే నేను గవర్నమెంటులో అని తప్పించుకునేదాన్ని. అక్క తలెత్తి "పిల్లోళ్ల పని" అనేది. పక్కన కలెక్టరు నిలబడి ఉన్నా ఆ మాట అంతే గట్టిగా అనేది.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక నెయిల్ కట్టర్ ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా నేల మీద కూర్చుని, పిల్లల చెయ్యి తన చేతిలోకి తీసుకుని గోళ్లు తీయడం మొదలుపెట్టేది. మొదట్లో నాకది వింతగా ఉండేది. "చెయ్యి మన చేతిలో ఉంటే నోరు దానంతట అదే తెరుసుకుంటాది మే" అనేది. ఏం జరిగింది, ఎవరు కొట్టారు అని ఎన్నడూ మొదట అడగలేదు. ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఈ పొద్దు మీ ఇంట్లో ముందు ఎవురు లేసిరి?" ఆ ఒక్క జవాబులో ఆ ఇల్లు సగం తెలిసిపోయేది.

పిల్లల ఫొటోలు తీయనిచ్చేది కాదు. "ఫొటోలో మన గొప్ప పడతాది, వాళ్ల కష్టం పడతాది. రెండూ ఎవురికీ అక్కర్లేదు" అనేది. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఆమెకు చిరాకు, మాకు భయం. ఒక్క ఫారం నింపడానికి ఆఫీసంతా లేచి నిలబడాలి. కోపం కూడా ఎక్కువే. నేను రాసిన మొదటి రిపోర్టులో 'తల్లి బిడ్డను నిర్లక్ష్యం చేసింది' అన్న వాక్యం మీద ఎర్రసిరాతో ఎంత గట్టిగా గీత గీసిందంటే కాగితం చిరిగింది.

"నిర్లక్ష్యం నువ్వు సూసినావా? యాడుండె? ఏ రంగులో ఉండె?" అంది. "సూసింది రాయి. అనుకునింది ఇంటికి పోయి అనుకో."

ఆ మాట విలువ నాకు ఒక అక్కాతమ్ముళ్ల వల్ల తెలిసింది. పదేళ్ల కిందటి సంగతి. వాళ్ల పేర్లు రాయను. రాస్తే అక్క ఒప్పుకోదు.

నేను పనిలో చేరి రెండు నెలలైంది. ధర్మవరం నేతగాళ్ల వీధి నుంచి హెల్ప్‌లైన్‌కు ఒక మగ్గం ఇంటి ఇల్లాలు ఫోన్ చేసింది. పక్క గదిలో ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లు లేకుండా ఉంటున్నారని చెప్పింది. మేం వెళ్లేసరికి ఆవిడ వాకిట్లోనే ఎదురుచూస్తోంది.

"వాళ్లమ్మ పోయిన సంవత్సరం జ్వరంతో చచ్చిపాయ. నాయన కూలికి బెంగళూరు పోతానని పోయి నాలుగు నెలలాయ. ఫోను లేదు, మనిషి లేడు. నాకు చేతనైంది పెడతాండా మేడం. పిల్లోళ్లు ఇట్ల ఎన్నాళ్లుంటారు?"

గది చాలా శుభ్రంగా ఉంది. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. పాపకు పదకొండేళ్లు. తమ్ముడికి ఆరు. పాప బడి మాని, ఆ వీధిలో మగ్గాల ఇళ్లలో కండెలు చుడుతోంది, అంటే నేతకు కావలసిన పట్టుదారాన్ని చిన్న గొట్టాలకు చుట్టే పని. దానికి వాళ్లు అన్నం, కూర ఇచ్చేవాళ్లు. అక్క ఆ పిల్ల చెయ్యి తీసుకుంది. వేళ్ల మీద దారం కోసిన సన్నటి గీతలు.

"ఈ పొద్దు ముందు ఎవురు లేసిరి?"

"నేనే."

"నిన్న?"

"రోజూ నేనే. వాడు లేసేలోపల నీళ్లు పట్టల్ల గదా" అంది పాప, ఇంత చిన్న సంగతి ఈవిడకు తెలియదా అన్నట్టు.

అక్క పది వేళ్లూ అయ్యేదాకా ఇంకో మాట అడగలేదు. లేచేటప్పుడు మాత్రం "ఇల్లు బాగా పెట్టుకున్యావు పాపా" అంది. ఆ పిల్ల ముఖం మొదటిసారి వెలిగింది. దొరికిపోయిన దొంగలా కాక, ఒక ఇంటి పెద్దలా తనను చూసినవాళ్లు ఆ రోజే దొరికారేమో.

పిల్లల్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది బాలల సంక్షేమ కమిటీ. అప్పటికి మా జిల్లా ఇంకా విడిపోలేదు, అనంతపురం పోవాలి. తండ్రి కోసం వెతకమని పోలీసులకు రాశారు. అప్పటిదాకా పాప హిందూపురంలో ఆడపిల్లల హోమ్‌లో, తమ్ముడు ధర్మవరంలో మగపిల్లల హోమ్‌లో. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే చోట ఉండే హోమ్ మాకు లేదు.

హిందూపురంలో పాపను అప్పగించి వస్తుంటే నా చున్నీ పట్టుకుంది. "వాన్ని ఎప్పుడు సూపిస్తారు?" అని అడిగింది. ఆ కళ్లు చూడలేక "రెండు రోజుల్లో తీసుకొస్తా తల్లీ" అన్నాను. పాప చున్నీ వదిలింది. గేటు దాటాక అక్క ఆగింది.

"రెండు రోజుల్లో తీసుకొస్తావా?"

నేను తలదించుకున్నాను.

"మళ్లా లోపలికి పా."

లోపల పాప ముందు అక్క మోకాళ్ల మీద కూర్చుంది. "పాపా, ఈ మేడం చెప్పింది తప్పు. రెండు దినాల్లో కాదు. మీరిద్దరూ ఎన్నాళ్లు వేరే ఉండల్లో నాకూ తెలీదు. తెలిసిన దినం నీకే ముందు చెప్తా. నెలకొకతూరి, రెండో శనివారం, నీ తమ్మున్ని నీకు సూపిస్తా. అది మాత్రం నాకు తెలుసు."

పాప ఏడవలేదు. "రెండో శనివారం అంటే ఇంగ ఎన్ని దినాలు?" అని అడిగింది. అక్క వేళ్ల మీద లెక్కపెట్టి "పద్దెనిమిది" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది: "అబద్ధం చెప్పి బిడ్డ ఏడుపు ఆపొచ్చు మే. మూడో దినం నుంచి ఆ బిడ్డ ఇంగెవర్నీ నమ్మదు."

ఆ మాట నిలబెట్టుకోవడం తేలిక కాలేదు. కమిటీ అనుమతి కావాలి, రెండు హోమ్‌ల అనుమతి కావాలి. మా విభాగానికి బండి లేదు. అదీకాక రెండో శనివారం మాకూ సెలవు. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్యలో పెనుకొండ ఉంది కాబట్టి అక్కడ కలపాలని అక్క నిర్ణయించింది. ఆ రోజు ప్రభుత్వ కార్యాలయాలు మూసి ఉంటాయి. ఒక ఆఫీసు వరండా వాడుకోవడానికి అక్కడి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. ఆమె పాపతో హిందూపురం నుంచి, నేను పిల్లవాడితో ధర్మవరం నుంచి వచ్చేవాళ్లం. ఎదురుగా కొండ, పైన పాత కోటగోడ. పులిహోర పొట్లాలు, అరటిపళ్లు నా సంచిలో ఉండేవి.

మొదటి శనివారం పిల్లవాడు పాప వైపు చూడనే లేదు. తనను వదిలేసి పోయిందని కోపం. వరండా చివర స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పాప పిలిచింది, బతిమాలింది, చివరికి ఏడ్చింది. నేను వాణ్ణి చెయ్యిపట్టి లాక్కురాబోతే అక్క ఆపింది.

"గమ్మునుండు. వాన్ని కోపపడనీ. కోపం చేసుకునేదానికి వానికి ఈ పొద్దు ఒక మనిషి దొరికింది."

మూడు గంటలు అలాగే గడిచాయి. తిరుగు బస్సుకు టైమైందని నేను లేచాక, వాడు పరిగెత్తుకుంటూ వచ్చి పాప వీపు మీద రెండు పిడికిళ్లతో గుద్దాడు. గుద్ది, అదే వీపును కరుచుకున్నాడు. పాప వెనక్కి చేతులు పెట్టి వాణ్ణి పట్టుకుంది. అక్క కోట వైపు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకుంది. తర్వాత నాతో "రాసుకున్యావా?" అని అడిగింది.

అలా పదమూడు నెలలు. ఒక్క శనివారం తప్పలేదు. ప్రతిసారీ ఏం చూశామో ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టేవాళ్లం. పాప మొదట తమ్ముడి చెవుల వెనక చూస్తుంది. వాడు పన్ను ఊడితే కాగితంలో చుట్టి తెచ్చి ఆమెకిస్తాడు. అరటిపండు తొక్క ఆమె తీస్తేనే తింటాడు. ఇలాంటివే.

అప్పుడు బెంగళూరు నుంచి తండ్రి తరఫు బాబాయి ఒకాయన వచ్చాడు. పిల్లలు లేరు. మంచి ఉద్యోగం, మర్యాదస్తుడు. పిల్లవాణ్ణి తాను పెంచుకుంటానని కమిటీ ముందు చెప్పాడు. పిల్లవాణ్ణి మాత్రమే.

"ఆడపిల్ల పెద్దదవుతోంది. ఆ బాధ్యత మా వల్ల కాదు సార్. పిల్లోడు చిన్నోడు. ఆర్నెల్లు పోతే అక్కను మర్చిపోతాడు" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కమిటీ వాళ్లకూ అది బాగానే అనిపించింది. ఇద్దరిలో ఒకరికైనా ఇల్లు దొరుకుతోంది కదా. మీరేమంటారని అక్కను అడిగారు. ఆమె ఫైలు మూసి లేచి నిలబడింది.

"సారు చెప్పింది నిజమే. వాడు మర్చిపోతాడు. ఆ పాప మర్చిపోదు. మీరు రాసే కాగితం ఒక్కని మీద కాదు సార్, ఇద్దరి మీద."

చివరికి అధ్యక్షుడు, ఇద్దరినీ కలిపి ఉంచే దారి ఉంటే రెండు నెలల్లో చూపించమన్నారు. అలాంటి దారి ఒకటుందని అప్పటికి అక్కకు తెలియదు.

తెలిసింది ఆ వచ్చిన రెండో శనివారం. వరండాలో కూర్చుని అక్క పాప గోళ్లు తీస్తోంది. చిటికెన వేలు అయిపోయాక "ఇంగ అయిపాయ, పది" అంది. పాప నవ్వి, "మా అవ్వకైతే ఇంగొకటి తీయల్ల" అంది.

అక్క చెయ్యి ఆగిపోయింది. "ఏ అవ్వ?"

"అమ్మోళ్ల అమ్మ. ఆమెకు ఎడమ చేతికి ఆరు వేళ్లు."

"ఆమె ఉండాదా?"

"ఉండాది. నాయన వాళ్ల పేరు ఎత్తొద్దన్యాడు. కొట్లాడుకున్యారు. బంధువులు ఉండారా అని మీరు అడిగినప్పుడు లేరని చెప్పినా." పాప గొంతు తగ్గిపోయింది. "తప్పా?"

"తప్పేమీ లేదు. యాడ ఉంటాది అవ్వ?"

ఊరి పేరు పాపకు గుర్తులేదు. చిన్నప్పుడు అమ్మతో పోయినప్పుడు 'పూలకుంట' అనే చోట బస్సు దిగి చాలాసేపు నడిచేవాళ్లమని, ఇంటి పక్కన గొర్రెల దొడ్డి ఉండేదని చెప్పింది. అంటే నంబులపూలకుంట. ఆ మండలంలో ఎన్ని పల్లెలో! అక్కా నేనూ రెండు ఆదివారాలు తిరిగాం. ఆరు వేళ్ల ముసలామె ఉందా అని అడుగుతుంటే జనం నవ్వేవాళ్లు. "ఏమ్మా, జాతకం చెప్పిచ్చుకునేదానికా?" అని ఒకాయన అడిగాడు. రెండో ఆదివారం మధ్యాహ్నం వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లను అడిగితే, వాళ్లలో ఒకామె మాట్లాడకుండా ఎడమ చెయ్యి ఎత్తి చూపింది.

విషయం విని ఆమె చేలోనే కూలబడిపోయింది. "నా కూతురు పోయిన దినం గూడ అల్లుడు నన్ను గడప తొక్కనీలేదు తల్లీ. పిల్లోళ్లను బెంగళూరుకు తీసుకపోతాండానని పోతా పోతా ఫోన్లో చెప్పె. బాగుండారులే అనుకున్యా. ఆడాడ పెట్టినారా వాళ్లను?"

ఆమె రావడానికి అప్పుడే లేచింది. కష్టమైంది ఆమె కొడుకుతో. పక్కింట్లోనే కాపురం, ఇద్దరు పిల్లలు. ఆయన మా ముఖం చూడకుండా "మా అమ్మ ముసిల్ది. రేపు ఆమెకేమన్నా అయితే సాకాల్సింది నేను. ఆ మనిషి బిడ్డల్ని నేనేంటికి సాకల్ల?" అన్నాడు.

నేను ఏదో చెప్పబోయాను. అక్క ముందుగానే, "సాకమని నేను అడగలేదప్పా. వచ్చే రెండో శనివారం పెనుకొండకు రా. ఒకసారి సూసిపో. అంతే" అంది.

ఆ శనివారానికి ముందు రోజు, శుక్రవారం పొద్దున, అక్క వాళ్ల నాయన కన్నుమూశాడు.

ఆమె ఆమడగూరు వెళ్లిపోయింది. శనివారాన్ని వాయిదా వేద్దామా అని నేను ఫోన్లో అడిగాను. "నేను వస్తానని ఆ పాపకు చెప్పలేదు. తమ్మున్ని సూపిస్తానని చెప్పినా. సూపీ" అంది. వెనక ఏడుపులు వినిపిస్తున్నాయి. "హోమ్‌లో ఒకామెను పాపకు తోడు పంపమని చెప్పినా. నువ్వు పిల్లోన్ని తీసుకపో. సూసింది సూసినట్ల రాయి."

ఏడాదికి పైగా ఆమె దేనికోసం తిరిగిందో అది జరిగిన రోజు ఆమె అక్కడ లేదు. నేను మాత్రమే ఉన్నాను. అవ్వ, మామ ముందే వచ్చి వరండాలో కూర్చున్నారు. పాప గేటు దగ్గర నన్ను చూసి "అక్క ఏది?" అంది. ఈసారి అబద్ధం చెప్పలేదు. "అక్క వాళ్ల నాయన పోయినాడు. ఆడికి పోయింది" అన్నాను. "ఆమె దగ్గర ఎవురుండారు ఆడ?" అని పాప అడిగింది.

తర్వాత అవ్వను చూసింది. ఆ వరండాలో ఏం జరిగిందో ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా, తిరుగు బస్సు వచ్చేలోపలే బస్టాండు బెంచీ మీద కూర్చుని రాశాను. అవ్వ ఎడమ చేత్తో పాప తల నిమిరిందని. పిల్లవాడికి అవ్వ గుర్తులేదని, దగ్గరికి పోలేదని. మామ అరటిపండు ఇస్తే వాడు తీసుకుని పాపకిచ్చాడని, ఆమె తొక్క తీసి తిరిగి ఇచ్చిందని. మామ అది చూశాడని. వాడు నడుస్తుంటే "మా చెల్లెలు గూడ అట్లే, మడమలు ఎత్తి నడుస్తాండె" అన్నాడని. ఆ తర్వాత మామ చాలాసేపు గేటు బయట నిలబడ్డాడని. వెళ్లేముందు నాతో, "ఇద్దర్నీ ఒకతూరే పంపిస్తారా, ఒకరి తర్వాత ఒకర్నా?" అని అడిగాడని.

కర్మకాండ అయి వచ్చాక అక్క ఆ రిపోర్టు చదివింది. మొదటిసారి వేగంగా, రెండోసారి నెమ్మదిగా. నేను ఎర్ర పెన్ను వైపే చూస్తున్నాను. ఆమె ఒక్క అక్షరం కొట్టలేదు. నల్ల పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. "ఇంగ నీకు పని వచ్చింది" అంది. ఈ ఉద్యోగంలో నాకు తర్వాత దొరికిన ప్రశంసాపత్రాలు ఎక్కడున్నాయో తెలియదు. ఆ మాట ఉంది.

కమిటీ ఆ పేజీనీ, దాని వెనక ఉన్న నెలల పేజీలన్నిటినీ చదివింది. అధ్యక్షుడు ఆ అరటిపండు పేజీ దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పిల్లలిద్దరినీ అవ్వ దగ్గర, మామ బాధ్యత మీద ఉంచుతూ ఉత్తర్వు వచ్చింది. బాబాయి కూడా ఆ రోజు ఉన్నాడు. ఆ తర్వాత ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆయనే వచ్చి ఇద్దరినీ బెంగళూరు తీసుకెళ్లేవాడు. ఇద్దరినీ. తండ్రి సంగతి ఇప్పటికీ తెలియదు.

అన్ని కేసులూ ఇలా అవలేదు. కొందరు పిల్లలు మా చేతుల్లోంచి జారిపోయారు. వాళ్ల పేర్లు అక్క మర్చిపోలేదు, మమ్మల్ని మర్చిపోనివ్వలేదు. కానీ రెండేళ్ల కిందట ఆమె రిటైరైన రోజు, వీడ్కోలు సభలో అధికారి ఒకరు "మీ జీవితమంతా త్యాగం" అని మాట్లాడితే ఆమె లేచి మైకు తీసుకుంది. "త్యాగం గీగం ఏమీ లేదు సార్. నాకు ఇష్టమైన పని చేసినా. బాగా చేసినా" అని కూర్చుంది. ఇంత గర్వంగా, ఇంత పొదుపుగా తన గురించి తాను చెప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. మూడు నెలలు మాట్లాడని ఆ నాయన, చివరి రోజుల్లో బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా "నా కూతురు పిల్లోళ్ల పని చేస్తాది" అని చెప్పుకునేవాడట.

హిందూపురంలో ఆమె ఇంటికి నేను చేరేసరికి వీధి నిండిపోయింది. మడకశిర వైపు నుంచి కన్నడం మాట్లాడే ఒక కుటుంబం వచ్చింది. యూనిఫాంలో ఇద్దరు కానిస్టేబుళ్లు, ధర్మవరం నుంచి ఆ మగ్గం ఇంటి ఇల్లాలు. ఒకప్పుడు అక్క ముఖం మీదే తలుపు వేసిన ఒక తండ్రి కూడా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అక్క భర్తకు వీళ్లలో సగం మంది తెలియదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులు జోడిస్తూనే ఉన్నాడు.

మర్నాడు అంత్యక్రియలకు ఆ ఇద్దరూ వచ్చారు. పాప అనంతపురంలో నర్సింగ్ చదువుతోంది, సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చి ఉంది. తమ్ముడు ఇంటర్, ఆమె కంటే జానెడు పొడవు. బంధువులామె ఒకరు "మీరు ఆమెకు ఏమైతారమ్మా?" అని అడిగింది.

"ఏమీ కామమ్మా. మా కేసు ఆమె సూసింది" అంది పాప. ఏదో పెద్ద వంశం పేరు చెప్పినట్టే చెప్పింది.

అంతా అయ్యాక వాళ్లను బస్టాండు దాకా తీసుకెళ్లాను. అవ్వ ఊరి వైపు పోయే కదిరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. పొద్దున ఎప్పుడు బయల్దేరారో, పాప బస్సు కదలకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పడమటి ఎండ సూటిగా ఆమె ముఖం మీద పడుతోంది. తమ్ముడు నాకు చెయ్యి ఊపబోయి ఆగాడు. ఆ చేతిని చాచి, అరచెయ్యి అద్దానికి ఆనించి, ఆమె కళ్ల మీద నీడ పట్టాడు. బస్సు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ అరచెయ్యి అద్దం మీద అలాగే ఉంది.